దుబారేనా, సక్రెబైలా? నది ఒడ్డున ఏనుగుల్ని చూడాలంటే ఏది మేలు

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, ఒకటే ప్రశ్న. "ఏనుగులు నదిలో స్నానం చేయడం పిల్లలకు చూపించాలండీ, దుబారే వెళ్లమంటారా, సక్రెబైలు వెళ్లమంటారా?" అమలాపురం వాళ్లదీ ఇదే మాట, భీమవరం వాళ్లదీ ఇదే. మన డెల్టాలో నీళ్లకు కొదవ లేదు గానీ ఏనుగు మాత్రం లేదు. పాపికొండల్లో తిరిగినా, కోరింగ మడ అడవుల్లో పడవేసుకుని వెళ్లినా కనబడదు. అందుకే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు దిగి, అక్కణ్నుంచి ఎటు తిరగాలా అన్న మీమాంస.

రెండూ కర్ణాటక అటవీశాఖ ఏనుగుల శిబిరాలే. దుబారే కొడగు జిల్లాలో, కుశాలనగర్‌కు దగ్గర్లో కావేరి ఒడ్డున ఉంది. సక్రెబైలు శివమొగ్గకు 14 కిలోమీటర్లు, తీర్థహళ్లి రోడ్డు మీదే. గాజనూరు ఆనకట్ట వెనక నిలిచిన తుంగ నీళ్ల పక్కన. పేరు దుబారేదే పెద్దది.

నా మటుకు తేల్చేది ఒక్కటే. మొదటి ఏనుగు నీళ్లలో దిగే వేళకు మీరు ఒడ్డున ఉండగలరా, లేదా? ఈ శిబిరాల్లో ఏనుగుల్ని రోజంతా కట్టేసి ఉంచరు. స్నానం, మేత అయ్యాక అడవిలోకి వదిలేస్తారు, కాలికి పొడవాటి గొలుసుతో. తెల్లారాక మావటి ఆ గొలుసు ఈడ్చుకుపోయిన జాడ పట్టుకుని, తన ఏనుగును వెతికి తోలుకొస్తాడు. అంటే అసలు సంగతంతా పొద్దుటి పూటే. తీరిగ్గా టిఫిన్ చేసి పదకొండు దాటాక చేరుకుంటే తడిసిన ఒడ్డూ, పేడ కుప్పలే మిగులుతాయి.

ఇక్కడే దుబారే వెనకబడుతుంది. శిబిరం కావేరికి అవతలి ఒడ్డున ఉంది, మోటారు పడవ ఎక్కాలి. లంకల్లో పుట్టిపెరిగిన మనకు పడవ కొత్త కాదు, కానీ సెలవు రోజుల్లో ఆ పడవ కోసం నిలబడే వరుస పొద్దుటి పూటను మింగేస్తుంది. వానాకాలంలో కావేరి పోటెత్తితే పడవలే ఆపేస్తారు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మైసూరు దసరా ఊరేగింపుకు వెళ్లే ఏనుగుల్లో కొన్ని దుబారేవే. ఆగస్టు ప్రాంతంలోనే వాటిని మైసూరు తీసుకెళ్లి రోజూ నడక సాధన చేయిస్తారు, విజయదశమి అయ్యాకే వెనక్కి పంపిస్తారు. మనకు సెలవులు దొరికే ఆ నాలుగు రోజుల్లోనే శిబిరంలోని పెద్ద మగ ఏనుగుల్లో కొన్ని ఊళ్లో ఉండవన్నమాట. దసరాకే వెళ్లేట్టయితే వాటిని మైసూరులోనే చూడండి.

సక్రెబైలుకు ముందురోజు రాత్రి శివమొగ్గలో దిగి పడుకుంటే చాలు. పొద్దున్నే ఆటో మాట్లాడుకుంటే గేటు తీసే సమయానికి అక్కడుంటారు. దాటాల్సిన ఏరు లేదు. ఒడ్డున నిలబడి, వచ్చే ఏనుగునల్లా మొదటి నుంచి చివరిదాకా చూడొచ్చు.

చూడాల్సింది చాలానే ఉంది. మన కాలువల్లో గేదెను కడగడం ఎరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది: పడుకునేది ఎప్పుడో, లేచేది ఎప్పుడో చాలా మటుకు జంతువే తేలుస్తుంది. ఏనుగు పక్కకు ఒరిగి పడుకుంటుంది. తల సగం నీళ్లలోనే ఉంటుంది, తొండం కొస మాత్రం పైకి తేలి ఊపిరి వదులుతుంటుంది. మావటి ఒక పక్క రుద్ది, డొక్క మీద తట్టి మాట చెబితే అదే రెండో పక్కకు తిరుగుతుంది. ఇదంతా చూడముచ్చట కోసం కాదు. మడతల్లో పట్టిన బురదా, పురుగూ పోవాలి. ఆ తర్వాత పాదాలు చూడాలి. మనుషుల దగ్గర పెరిగే ఏనుగులకు పాదాల జబ్బే పెద్ద గండం, అరికాలు పగిలినా గోళ్ల మధ్య పుండు పడినా ముందు కనిపెట్టేది స్నానం వేళే. పిల్లలతో గోళ్లు లెక్కపెట్టించండి: ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు సాధారణంగా నాలుగేసి. చెవుల అంచులూ తొండమూ గులాబీ రంగు తిరిగిందంటే ఆ ఏనుగుకు వయసు మీద పడిందని ఒక గుర్తు. కంటికీ చెవికీ మధ్య తడి చార కారుతున్న మగ ఏనుగు కనబడితే అది మదం, దాని దరిదాపులకు పోవద్దు.

దుబారేకు అంత పేరు రావడానికి కారణం ఏనుగును తాకి రుద్దే అవకాశమే. నాకది నచ్చదు. చుట్టూ పదిమంది చేరి నీళ్లు చల్లుతూ ఫొటోలకు నిలబడితే ఏనుగు ఏం చేస్తోందో ఎవరూ చూడరు, దానికీ ఊపిరి సలపదు. పిల్లల్ని ఎక్కించొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఎక్కించొద్దు. ఎక్కించుకునే వీలున్నా వద్దనే చెబుతాను.

దుబారే వైపూ న్యాయం ఉంది. కొడగు కాఫీ తోటలు, బైలకుప్పె టిబెటన్ మఠం చూడ్డానికి ఎలాగూ వెళ్తున్నవాళ్లు దీనికోసం శివమొగ్గ దాకా పోనక్కర్లేదు. కుశాలనగర్‌లో రాత్రి ఉండి, ఆదివారం కాని రోజు చూసుకుని మొదటి పడవ పట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే నది కూడా నెమ్మదిగా ఉంటుంది. సక్రెబైలు వెళ్లేవాళ్లు మాత్రం అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్లి మండగద్దె చూడకుండా రావద్దు. తుంగ మధ్య లంకలోని చెట్ల మీద వానాకాలంలో కొంగలు గూళ్లు కడతాయి. కొల్లేటి కొంగల్ని చూసిన కళ్లకు కూడా అది కొత్తగా ఉంటుంది.

తమిళనాడులోని తెప్పకాడు ఏనుగుల శిబిరం గురించీ అడుగుతుంటారు. మోయార్ నది ఒడ్డున ఉంది, అక్కడ స్నానం కన్నా రాగి ముద్దలు, బెల్లం కలిపి పెట్టే మేత చూడ్డానికి వెళ్తారు. మైసూరు నుంచి బండీపుర్ అడవి మీదుగా పోవాలి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసేస్తారు. ఊటీ ఎలాగూ వెళ్తుంటే ఆగండి.

మన రాష్ట్రంలోనే అంటే పలమనేరు దగ్గర ముసలిమడుగు ఏనుగుల శిబిరం. 2025 మేలో కర్ణాటక మనకు నాలుగు కుంకీ ఏనుగుల్ని, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని, ఇచ్చింది. పంటల మీద పడే అడవి గుంపుల్ని మళ్లించడం వాటి పని. తిరుపతి వెళ్లినప్పుడు పనిలోపనిగా చూసొద్దామనుకునేవాళ్లు సందర్శకుల్ని రానిస్తున్నారో లేదో అటవీశాఖ వాళ్లను ముందే కనుక్కుని బయల్దేరండి.