పదకొండేళ్ళ బేస్ గిటార్, ఒక తెగిన వైరు

ముందే చెప్పేస్తున్నాను, పాట అడుగున లోతైన స్వరాలు పలికే ఈ బేస్ గిటార్‌లో నాకు ప్రాణం నాలుగో తీగ ఒక్కటే. మిగతా మూడూ లేకపోయినా సర్దుకుపోతానేమో అనిపిస్తుంది. సైకిలు బ్రేకు వైరు కన్నా లావుగా ఉండే ఆ తీగను వేలితో ఒకసారి లాగి వదిలితే, గిటారు వెనక చెక్క నా పొట్టకు ఆనుకుని వణుకుతుంది. పదకొండేళ్ళుగా వాయిస్తున్నా ఆ వణుకు పాతబడలేదు. కాబట్టి నేను రాసేదంతా కాస్త పక్షపాతంతో రాసిందే అనుకోండి.

కొయ్య ఏ రకం, తీగల వణుకును అందుకునే పికప్‌లు ఎన్ని లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నాది నాలుగు తీగల జాజ్ బేస్ నమూనా, అదీ సెకండ్‌హ్యాండ్. 2014లో కువైట్ వెళ్ళిపోతున్న ఒక ఆర్కెస్ట్రా కుర్రాడి దగ్గర పాలకొల్లు బస్టాండు పక్కన టీ కొట్టులో తొమ్మిది వేలకు కొన్నాను. బ్యాగు లేదని దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. ఆ దుప్పటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

బేస్ ఎందుకు పట్టుకున్నావని అడిగితే చాలామంది దగ్గర వచ్చే నిజమైన జవాబు ఒకటే: ఆ చోటు ఖాళీగా ఉంది. 1961లో బీటిల్స్ బృందంలో బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకుంటే, మిగిలిన వాళ్ళెవరూ ముందుకు రాక ఆ పని పాల్ మెకార్ట్‌నీ నెత్తిన పడింది. అమెరికాలో కెరోల్ కే అనే గిటారిస్టు 1963లో ఒక రికార్డింగుకు వెళితే, రావలసిన బేస్ కళాకారుడు రాలేదు. ఆ పూటకు ఆవిడే వాయించారు. ఆ తర్వాత లోకం ఆవిడను గిటారిస్టుగా కన్నా బేస్ కళాకారిణిగానే ఎక్కువ గుర్తుపెట్టుకుంది. వాళ్ళతో పోల్చుకుంటున్నానని కాదు గానీ, మా ఆర్కెస్ట్రాలోనూ జరిగింది ఇదే. గిటార్లు వాయించేవాళ్ళం ముగ్గురం, అందులో అధ్వానంగా వాయించేది నేను. కీబోర్డు పెద్దాయన ఒక రోజు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు ఆ లావు గిటారు పట్టుకో నాయనా, తప్పు వాయించినా జనానికి తెలియదు" అన్నారు. ఆ మాటలో రెండో సగం తప్పని తెలియడానికి నాకు ఒక్క కచేరీ పట్టింది. గిటారు తప్పితే గిటారిస్టు తప్పాడంటారు. బేస్ తప్పితే గాయని వెనక్కి తిరిగి అందరినీ కలిపి చూస్తుంది.

చోటు ఖాళీగా ఉందని వచ్చినవాళ్ళలో కొందరు ఆరు నెలల్లో మళ్ళీ మామూలు గిటారుకు వెళ్ళిపోతారు. ఉండిపోయేవాళ్ళు మాత్రం అంతకు ముందే ఎప్పుడో, ఎక్కడో పాట కింద ఉన్న పాటను ఒకసారి విని ఉంటారని నా అనుమానం. నా సంగతి చెబుతాను.

మా ఇంట్లో అరచేతి వెడల్పు స్పీకరున్న ట్రాన్సిస్టర్ ఉండేది. నా చిన్నప్పటి సినిమా పాటలన్నీ అందులో విన్నవే. బేస్ గిటార్ నాలుగో తీగ అడుగు స్వరం సెకనుకు 41 కంపనాలు. అంత చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు. దానిపైన మోగే అనుస్వరాలను, అంటే అదే తీగలోంచి తోడుగా వచ్చే పై స్వరాలను బట్టి కింద ఏదో ఉందని చెవి ఊహించుకోవలసిందే. నేను అదీ ఊహించుకోలేదు. నాకు తెలిసిన పాట అంటే గొంతు, వయొలిన్లు, తబలా.

1990ల మొదట్లో, నాకు పధ్నాలుగేళ్ళప్పుడు, మా వీధిలో వాళ్ళ పెళ్ళికి బస్సు కట్టించుకుని అందరం అన్నవరం బయలుదేరాం. చిన్నవాడినని నన్ను ఆఖరి సీటుకు తోశారు. ఆ సీటు కింద చెక్కపెట్టెలో రెండు పెద్ద స్పీకర్లు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. సిద్ధాంతం వంతెన దాటేసరికి పెద్దవాళ్ళందరూ నిద్రపోయారు. డ్రైవరు ఇళయరాజా పాటల క్యాసెట్టు వేశాడు. నాకు కంఠతా వచ్చిన పాట ఒకటి మొదలైంది. పల్లవి కింద ఇంకెవరో వేరే పాట పాడుకుంటున్నారు! గొంతు ఆగిన చోట అది కదులుతోంది, గొంతు పరుగెత్తే చోట ఒక్క స్వరం మీద నిలబడి చూస్తోంది. అది చెవికి కన్నా ముందు సీటు చెక్కలోంచి తొడలకు తెలిసింది. రావులపాలెం దాటి గోదావరి మీద జొన్నాడ వైపు వెళుతుంటే వంతెన అతుకుల మీద బస్సు చక్రాలు టకటకమనడం, దాని లోపల ఆ రెండో పాట నడవడం ఇప్పటికీ గుర్తు. పెళ్ళి ఎలా జరిగిందో మాత్రం గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో ఆఖరి సీటు కోసం పెళ్ళికొడుకు తమ్ముడితో పోట్లాడాను.

ఆ శబ్దం చేసే వస్తువు పేరు తెలియడానికి ఇంకో ఐదారేళ్ళు పట్టింది. దాన్ని కొనుక్కోవడానికి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇక వాడకం సంగతి. 2016లో మామూలు తీగలు తీసేసి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయించాను. పైన గుండ్రటి తీగకు బదులు సన్నటి పట్టీ చుట్టి ఉంటుంది, నున్నగా ఉంటాయి. మా వైపు తేమకు మామూలు తీగలు నాలుగైదు నెలల్లో గరుకెక్కి, వేళ్ళకు తుప్పు వాసన అంటించేవి. ఇవి తొమ్మిదేళ్ళుగా ఉన్నాయి. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆయన పద్ధతి మా గోదావరి గాలికి భలే నప్పింది.

అసలు దెబ్బ తీగల దగ్గర తగలలేదు. 2020, 2021లో కచేరీలు లేవు. గిటారు బ్యాగులో, బ్యాగు అటక మీద. 2022లో దించి రెండు మూడు పెళ్ళిళ్ళకు వాయించాను, ఏమీ తేడా కనబడలేదు. 2023 కనుమ నాటి రాత్రి కోనసీమలో ఒక ఊళ్ళో తీర్థం, అంటే జాతర. చుట్టూ కొబ్బరితోట, ట్రాక్టరు తొట్టెల మీద పలకలు పరిచి వేదిక, వెనక డీజిల్ జనరేటర్. ఇంట్లోంచి మోసుకొచ్చిన స్పీకరు పెట్టెకు వైరు గుచ్చగానే గుంయ్‌మని రొద మొదలైంది. అలాంటి రొద మామూలే. తీగల మీద చెయ్యి వేయగానే తగ్గిపోతుంది. ఎందుకంటే తీగలు ఆనే బ్రిడ్జి కింద నుంచి ఒక సన్నటి ఎర్త్ వైరు లోపలికి వెళుతుంది. చెయ్యి తగిలితే మనిషి ఒళ్ళు కూడా ఆ ఎర్త్‌లో కలిసి రొద అణిగిపోతుంది. ఆ రాత్రి చెయ్యి వేశాను, తగ్గలేదు. తీసేశాను, పెరగలేదు.

ప్రార్థన పాట మొదలైపోయింది. ఆపడానికి లేదు. రెండో పాటలో గాయని నా వైపు తిరిగి, "అన్నయ్యా, ఆ శ్రుతి ఎక్కడిది?" అని సైగ చేసింది. అప్పుడు గమనించాను. కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 కంపనాలు. నాలుగో తీగను మెడ మీద మూడో మెట్టు దగ్గర నొక్కితే వచ్చే జీ స్వరం 49 హెర్ట్జ్. రొద దాదాపు నా మూడో మెట్టు మీదే కూర్చుంది! ఫోకస్ దీపాలన్నీ వెలిగినప్పుడు జనరేటర్ అలసిపోయి వేగం కాస్త తగ్గేది, అప్పుడు శ్రుతి అచ్చంగా కలిసేది. దీపాలు ఆర్పగానే మళ్ళీ పైకి జారేది. ప్రాణంగా చూసుకునే తీగను ఒక డీజిల్ ఇంజను నా కన్నా గట్టిగా వాయిస్తోంది. కీబోర్డు పెద్దాయనకు చెబితే నవ్వి, తర్వాతి రెండు పాటలనూ మీట నొక్కి జీ శ్రుతికి మార్చేశారు. ఆ రెండు పాటలకూ మాకు ఉచితంగా తంబూరా దొరికినట్టయింది. మూడోది గాయనికి ఆ శ్రుతిలో పైకి అందలేదు.

విరామంలో మైక్ సెట్టు కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. నేను వివరం చెబుతుండగానే జేబులోంచి ఒక రాగి వైరు ముక్క తీసి, పళ్ళతో తొడుగు ఒలిచాడు. ఒక కొస బ్రిడ్జి అంచు కిందకు దూర్చాడు. వాల్యూమ్ మరలుండే ఇనుప పలక స్క్రూ ఒకటి వదులు చేసి, రెండో కొస దానికి చుట్టి బిగించాడు. పైన నల్ల టేపు. మొత్తం రెండు నిమిషాలు. చెయ్యి వేశాను, రొద అణిగింది. డబ్బులివ్వబోతే, "తర్వాత మంచిగా అతికించుకోండి సార్" అని బజ్జీల బండి వైపు వెళ్ళిపోయాడు.

ఆ టేపు వైరుతోనే ఏడాదిన్నర వాయించాను. అదీ నా బద్ధకం. చివరికి మా ఊళ్ళో టీవీలు బాగుచేసే ఆయన బ్రిడ్జి విప్పి చూపించారు. కింద వైరు కొస పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే పొడి రాలింది. కొత్త వైరు అతికి ఎనభై రూపాయలు తీసుకున్నారు. తీగలకు తుప్పు రాకుండా తొమ్మిదేళ్ళు కాపాడుకున్నవాడిని, కంటికి కనబడని రెండంగుళాల రాగి సంగతి మరిచాను. మీ గిటారు రెండేళ్ళు పక్కన పడి ఉంటే ముందు బ్రిడ్జి విప్పి చూసుకోండి. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళయితే తప్పనిసరిగా.

ఆ ఎర్త్ వైరును కూడా మరీ పొగడలేను. వేదిక దగ్గర ఎర్త్ సరిగా లేకపోతే ఇదే వైరు మనకు షాక్ కొట్టిస్తుంది. నరసాపురం వైపు ఒక పెళ్ళిలో తీగల మీద చెయ్యి ఉంచి మైకులో మాట్లాడబోతే పెదవి చురుక్కుమంది. అప్పటి నుంచి మైకుకు స్పాంజి తొడుగు లేకుండా మాట్లాడను.

తీగలు తొమ్మిదేళ్ళుగా ఉన్నాయన్నాను. నిజానికి సన్నటి మొదటి తీగ 2019లో తెగితే అదొక్కటీ మార్చాను. మెడ వంగలేదని కూడా మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటుంటాను. ఏటా వానాకాలంలో మెడ లోపలి ఇనుప కడ్డీని అలెన్ కీతో పావు చుట్టు తిప్పి సరిచేసుకునే సంగతి వాళ్ళకు చెప్పను. బరువు మాత్రం కప్పిపుచ్చలేను. నేను లెక్కలు రాసే రొయ్యల మేత దుకాణంలో కాటా మీద పెట్టి చూశాను, నాలుగు కిలోల మూడు వందలు. నాలుగు గంటల కచేరీ అయ్యాక నలభై ఏడేళ్ళ ఎడమ భుజం తర్వాతి రోజంతా దాని గురించే మాట్లాడుతుంది. వెడల్పు పట్టీ కొన్నాక కాస్త నయం.

కొనమంటారా అని అడిగేవాళ్ళకు నా దగ్గర ఖచ్చితమైన జవాబు లేదు. నాకు ఉద్యోగం ఉంది, కచేరీలు నెలకు రెండో మూడో, చుట్టుపక్కల వైరు అతికే మనిషి ఉన్నాడు. రోజూ బస్సెక్కి ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఇంకా తేలికైనది, చిన్న మెడది మేలేమో. ఇంట్లో ఒంటరిగా పాటలు పాడుకుంటూ వాయించాలనుకునేవాళ్ళకు ఇది కొంచెం నిరాశే. పక్కన ఇంకెవరో ఉంటేనే దీనికి పని.

పోయిన నెల మా దుకాణానికి మేత బస్తాల కోసం వచ్చే చెరువుల రైతు కొడుకు, ఇంటర్ చదివేవాడు, నేర్పించమని అడిగాడు. ఎందుకు అంటే, "కొత్త హెడ్‌ఫోన్లలో పాట కింద ఏదో నడుస్తోంది బాబాయిగారూ, అది ఏమిటో పట్టుకోవాలి" అన్నాడు. ఇక బేరాలు ఆడలేదు. నాలుగు తీగల పేర్లు, నాలుగో తీగ మీద మెట్లు చెప్పి, వారం రోజులకు గిటారు, చిన్న స్పీకరు పెట్టె చేతికిచ్చి పంపాను. మూడో రోజు రాత్రి పది గంటలకు చెరువు గట్టు మీది షెడ్డులోంచి ఫోను చేశాడు. వెనక ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు.

"బాబాయిగారూ, చెయ్యి తీసేస్తే పెట్టెలోంచి ఒక రొద వస్తోంది. మూడో మెట్టుకు కొంచెం పైన, నాలుగో మెట్టుకు కింద. నాదే తప్పా?"

నీ తప్పేమీ లేదన్నాను. చెయ్యి తీగల మీదే ఉంచుకోమని, శనివారం భీమవరంలో కచేరీ ఉంది కాబట్టి శుక్రవారం సాయంత్రానికల్లా గిటారు తెచ్చి ఇమ్మని చెప్పాను.