అంబాసిడర్ వెనక కమాన్ కట్టలు: ఇంట్లోనే మార్చి, చాన్నాళ్లు నడిపాక

పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు వెనక సస్పెన్షన్ పని సొంతంగా చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోవచ్చు. 2014లో తయారీ ఆగేదాకా ఈ కారు వెనక బరువును మోసింది కమాన్ కట్టలే, అంటే వంపు ఉక్కు పట్టాలను ఒకదానిమీద ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగులు. చుట్టల్లాంటి కాయిల్ స్ప్రింగులను నొక్కిపట్టి విప్పే ప్రమాదం ఇందులో లేదు.

మా కారు ఒక పక్కకు ఒరిగి, గుంతలో దబ్బుమని కొట్టేది. విజయవాడ ఆటోనగర్‌లో కొత్త కట్టలు, షాకిల్స్ (కట్ట కొసను కారుకు కలిపే ఊగే లంకెలు), రబ్బరు బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే తొడుగులు), యూ బోల్టులు (కట్టను ఇరుసుకు బిగించేవి), షాక్ అబ్జార్బర్లు కొన్నాను. పాత కట్టలకే వంపు కొట్టించి వేయడం చవకే. కానీ అలసిన ఉక్కు మళ్లీ కుంగుతుంది, నాకు నమ్మకం లేదు. పాత యూ బోల్టులైతే అస్సలు వాడొద్దు.

కష్టమంతా విప్పడంలోనే. తుప్పు పట్టిన షాకిల్ నట్లకు ముందురోజే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టాలి. కారు బరువు ఛాసిస్ కింద పెట్టిన స్టాండ్ల మీద ఉండాలి, జాకీ ఇరుసును పైకీ కిందికీ ఆడించడానికే. ఇరుసు దిగేటప్పుడు బ్రేకు హోస్ (బ్రేకు ఆయిల్ గొట్టం) మీద లాగుడు పడకూడదు. పట్టాలను కలిపి పట్టే సెంటర్ బోల్టు తల, ఇరుసుకు కట్ట ఆనే ప్యాడ్ రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే ఇరుసు వంకరగా నిలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది బుష్ బోల్టుల బిగింపు. కారు గాల్లో ఉండగానే గట్టిగా బిగిస్తే, చక్రాలు నేలకు దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే ఉండిపోతుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. కారును చక్రాల మీద నిలబెట్టి, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు వేయాలి. చాలా గ్యారేజీల్లో ఆ ఓపిక చూపరు. నేను సొంతంగా చేసుకోవడానికి అసలు కారణం ఇదే. ఇన్ని వానాకాలాలు దాటినా నా బుష్‌లు చిరగలేదు.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ చూశాను. అన్నీ కాస్త బిగింపు తీసుకున్నాయి. కొత్త కట్టలు సర్దుకుంటాయి కాబట్టి ఇది తప్పదు.

రబ్బరు బదులు వేసే, దానికన్నా గట్టి పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కువ కాలం ఆగుతాయంటారు గానీ, మన గతుకుల రోడ్లకు రబ్బరు మెత్తదనమే హాయి. కట్టలో అదనపు పట్టా కూడా వద్దు. ఇంటిల్లిపాదీ తిరిగే కారు వెనక సీటు లారీలా ఎగరకూడదు కదా.

ఇప్పటికీ రెండు పక్కలా ఎత్తు సమానంగా ఉంది. ఎండాకాలంలో పట్టాల మధ్య కిర్రుమంటే శుభ్రం చేసి గ్రాఫైట్ గ్రీజు పెడతాను. ఒక షాక్ అబ్జార్బర్ మాత్రం అనుకున్నదానికన్నా ముందే ఆయిల్ కార్చింది, రెండు పక్కలా కలిపే మార్చాను.