కంపైలర్ మాక్రోలా, బిల్డ్ పరీక్షలా: లైబ్రరీకి ఏది మేలు?

సీ లేదా సీ ప్లస్ ప్లస్‌లో రాసిన లైబ్రరీ రకరకాల యంత్రాల మీద బిల్డ్ కావాలంటే, కంపైలర్ ఏది, ప్లాట్‌ఫామ్ ఏది, కావలసిన సదుపాయం అక్కడ ఉందా లేదా అన్నవి ముందే తేల్చుకోవాలి. ఇందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. కంపైలర్ తానే నిర్వచించి ఇచ్చే మాక్రోలను, అంటే కంపైలర్ పేరు, వెర్షన్ లాంటివి తెలిపే ముందే పెట్టిన పేర్లను, చూసి నిర్ణయించడం మొదటిది. బూస్ట్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల కాన్ఫిగ్ హెడర్ (కోడ్‌లో చేర్చుకునే ఫైలు) ప్రధానంగా ఈ దారిలోనే నడుస్తుంది. అసలు బిల్డ్‌కు ముందు చిన్న చిన్న ప్రోగ్రాములను నిజంగానే కంపైల్ చేసి, లింక్ చేసి చూడడం రెండోది. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ అనే బిల్డ్ సాధనానిది ఈ పద్ధతి, మరో బిల్డ్ సాధనమైన సీమేక్‌లోని చెక్ మాడ్యూళ్లదీ ఇదే.

మాక్రోల దారిలో అదనపు ఫైళ్లేవీ తయారు కావు, సమయం పట్టదు, మరో ప్రాసెసర్ కోసం క్రాస్ కంపైల్ చేస్తున్నా సమాధానం చెప్పేది ఆ లక్ష్యానికి చెందిన కంపైలరే. అయితే మాక్రో చెప్పే పేరును నమ్మి సామర్థ్యాన్ని ఊహించడంలో ప్రమాదం ఉంది. క్లాంగ్ అనే కంపైలర్ చాలాకాలంగా తనను మరో కంపైలరైన జీసీసీ 4.2.1గా చెప్పుకుంటుంది కాబట్టి, జీసీసీ వెర్షన్ నంబరును మాత్రమే చూసే కోడ్ సరికొత్త క్లాంగ్‌ను కూడా పాత కంపైలర్‌గా లెక్కగడుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కు ప్రత్యేక ఫ్లాగ్ ఇవ్వకపోతే, సీ ప్లస్ ప్లస్ 17లో కంపైల్ చేస్తున్నా భాషా వెర్షన్ మాక్రోలో పాత సీ ప్లస్ ప్లస్ 98ను సూచించే 199711 అనే కనిపిస్తుంది.

ఎర్రర్ నంబరుకు సందేశాన్ని ఇచ్చే స్ట్రెర్రర్ ఆర్ అనే చిన్న ఫంక్షన్‌ను దగ్గరగా చూస్తే ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ ప్రకారం అది పూర్ణాంకాన్ని తిరిగిస్తుంది; లైనక్స్ మీద ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలోని గ్నూ రూపం సందేశపు అక్షరాల వరుసకు పాయింటర్‌ను (చిరునామాను) తిరిగిస్తుంది. లైనక్స్ మాక్రో కనబడగానే గ్నూ రూపమే ఉంటుందని రాసిన కోడ్, మసల్ అనే మరో సీ లైబ్రరీని వాడే ఆల్పైన్ లైనక్స్ మీద విజయానికి గుర్తుగా వచ్చిన సున్నానే సందేశపు చిరునామాగా తీసుకుంటుంది. తారుమారుగా పోసిక్స్ రూపమని అనుకుంటే, గ్నూ రూపం మన బఫర్‌ను ముట్టుకోకుండానే వేరే చోటి పాయింటర్ ఇచ్చే వీలుంది కాబట్టి బఫర్‌లో చెత్త అచ్చవుతుంది. మసల్ తన ఉనికిని తెలిపే మాక్రోను కావాలనే నిర్వచించదు. అందువల్ల ఇక్కడ ఫలానా రకపు విలువే తిరిగొస్తుందని ఆశించే నాలుగు లైన్ల ప్రోగ్రామును కంపైల్ చేసి చూడడమే నమ్మదగిన మార్గం. ఆటోకాన్ఫ్‌లో ఇందుకోసమే ఒక సిద్ధ పరీక్ష ఉంది.

అలాగని బిల్డ్ పరీక్షలు ఎప్పుడూ నిజమే చెబుతాయని అనుకోకూడదు. సమయాన్ని చెప్పే క్లాక్ గెట్‌టైమ్ ఫంక్షన్ మ్యాక్ ఓఎస్‌లోకి 10.12తో వచ్చింది. 10.12 ఎస్‌డీకేతో (ఆ వెర్షన్ కోసం ఇచ్చే హెడర్లు, లైబ్రరీల కట్టతో) 10.11 కోసం బిల్డ్ చేసినప్పుడు లింక్ పరీక్ష నెగ్గేది, ప్రోగ్రాము మాత్రం పాత యంత్రం మీద ఆ ఫంక్షన్ దొరకక కూలిపోయేది. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని క్లాంగ్ 16, జీసీసీ 14 హెచ్చరికతో సరిపెట్టకుండా తప్పుగానే పరిగణించడంతో, హెడర్ చేర్చకుండా అలసత్వంగా రాసిన పాత కాన్ఫిగర్ పరీక్షలు విఫలమై, ఉన్న సదుపాయాన్ని కూడా లేదని నమోదు చేస్తున్నాయి. సీమేక్ అయితే ఒకసారి వచ్చిన ఫలితాన్ని క్యాష్‌లో దాచుకుంటుంది. ఫ్లాగులు మార్చినా ఆ క్యాష్‌ను తీసేయకపోతే పాత జవాబే కొనసాగుతుంది. ప్రోగ్రామును నడిపి చూసే పరీక్షలు క్రాస్ కంపైల్‌లో పనికిరావు కాబట్టి, వాటిని చివరి ప్రత్యామ్నాయంగానే ఉంచాలి.

నా దృష్టిలో తేల్చవలసిన అసలు విషయం, ఆ జవాబును ఎవరు వాడుకుంటారన్నది. లైబ్రరీ లోపలి సోర్సుకు మాత్రమే అవసరమైతే బిల్డ్ పరీక్షే మేలు. వాడుకరి తన కంపైలర్‌తో, తన ఫ్లాగులతో చేర్చుకునే పబ్లిక్ హెడర్‌లో అయితే మాక్రోలే మేలు, ఎందుకంటే మన యంత్రం మీద తయారైన కాన్ఫిగ్ ఫైలు ఆయన కంపైలర్ గురించి ఏమీ చెప్పలేదు. ఆ హెడర్‌లో సైతం కంపైలర్ పేరును అడగకుండా సామర్థ్యాన్ని అడగడం మంచిది: ఒక హెడర్ ఉందో లేదో చెప్పే సదుపాయం సీ ప్లస్ ప్లస్ 17లో ప్రమాణమైంది, 20లో ప్రామాణిక లైబ్రరీ సదుపాయాల మాక్రోలన్నిటినీ ఒకచోట ఇచ్చే వెర్షన్ హెడర్ వచ్చింది. దీనికి ఒక మినహాయింపు ఉంది. స్ట్రక్చర్ పరిమాణాన్ని మార్చే నిర్ణయాలు, ఉదాహరణకు 32 బిట్ల లైనక్స్ మీద ఫైల్ ఆఫ్‌సెట్ వెడల్పు, లైబ్రరీని బిల్డ్ చేసినప్పుడే స్థిరపడతాయి కాబట్టి వాటిని లైబ్రరీతోపాటు ఇన్‌స్టాల్ అయ్యే హెడర్‌లో రాసిపెట్టాలి. లేకుంటే రెండు వైపులా శుభ్రంగా కంపైలై, మెమరీ మాత్రం పాడవుతుంది.

భద్రతకు సంబంధించిన పరీక్షల విషయంలో ఇంకొంచెం కఠినంగా ఉండాలి. 2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఫైల్ కుదింపు సాధనంలో దొంగదారి పెట్టిన ఉదంతంలో, ప్రోగ్రాము అనుమతులను పరిమితం చేసే లైనక్స్ సదుపాయమైన ల్యాండ్‌లాక్ రక్షణ కోసం సీమేక్‌లో ఉన్న పరీక్ష ప్రోగ్రాములో ఒంటరి చుక్క ఒకటి చొప్పించారు. దానితో ఆ పరీక్ష ఎక్కడా కంపైల్ కాదు, ఆ రక్షణ చడీచప్పుడు లేకుండా తప్పుకుంటుంది. వాడుకరి ఫలానా రక్షణ కావాలని అడిగినప్పుడు పరీక్ష విఫలమైతే, బిల్డ్ అక్కడే ఆగిపోవాలి. ఎందుకు విఫలమైందో కంపైలర్ ఇచ్చిన సందేశంతో సహా లాగ్‌లో కనబడాలి.