ఇంటి మొక్కలకు ఏ నీళ్లు పోయాలి: తిరుపతిలో ఆరేళ్ల వాడకం తరువాత

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఫ్లాటులో చిన్నా పెద్దా కలిపి ముప్ఫై కుండీలున్నాయి. గత ఆరేళ్లలో వాటికి బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు, ఏసీ నీళ్లు, వాన నీళ్లు అన్నీ పోసి చూశాను. నీటిలోని దోషం మొక్కలో బయటపడడానికి నెలలు పడుతుంది కాబట్టి, వారం రోజుల వాడకంతో ఏ నీటి గురించీ మంచి చెడులు చెప్పలేమని నా అనుభవం.

మొదటి రెండేళ్లూ బోరు నీళ్లే పోశాను. నీటిలో కరిగిన లవణాలను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపే టీడీఎస్ మీటరు పెడితే మా బోరు 900 దాటి చూపిస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం కోరదగ్గదిగా చెప్పే పరిమితి 500 కాబట్టి ఇది ఉప్పు నీళ్ల కిందే లెక్క. మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు ఆ నీళ్లకే ఏపుగా పెరిగాయి, ఇప్పటికీ వాటికి అవే పోస్తున్నాను. కలాతియా మాత్రం తట్టుకోలేకపోయింది. ఆకు కొన దగ్గర మొదట ఆవగింజంత గోధుమరంగు మచ్చ కనిపించేది, పది రోజుల్లో అది అంచు పొడవునా పాకేది, ఆ భాగాన్ని వేళ్లతో నలిపితే అప్పడంలా పొడి అయ్యేది. మట్టి కుండీల బయట తెల్లటి పొర కట్టి, గోటితో గీకితే సున్నంలా రాలేది. మొక్క నీటిని తాగుతుంది, కొంత నీరు ఆవిరవుతుంది, లవణాలు మాత్రం మట్టిలోనే మిగిలిపోయి పోసిన ప్రతిసారీ మరికొంత పేరుకుంటాయి. బాల్కనీలోని నూరువరహాల మొక్కకు కొత్త ఆకులు పసుపు రంగులో, ఈనెలు మాత్రం పచ్చగా వచ్చేవి. ఇనుము మందు రెండుసార్లు వేస్తే కొన్నాళ్లు పచ్చబడి మళ్లీ పాలిపోయింది, ఎందుకంటే నీటిలోని క్షారగుణం మట్టిని మారుస్తున్నంత కాలం అందులో ఇనుము ఉన్నా వేరుకు అందదు.

ఆ తరువాత అపార్ట్‌మెంటులో అందరం కలిసి బోరుకు సాఫ్ట్‌నర్ పెట్టించాం. మొక్కలకు కూడా మేలేనని అమ్మినవారు చెప్పిన మాట నమ్మి నేను ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే. బాత్రూము కుళాయిల మీద తెల్లమచ్చలు తగ్గాయి, సబ్బు బాగా నురగ వచ్చింది, కానీ మీటరు అంకె మాత్రం దాదాపు అక్కడే ఉంది. సాఫ్ట్‌నర్ కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తీసి వాటి బదులు సోడియాన్ని నీటిలో కలుపుతుంది. అందుకే వాచ్‌మన్ అందులో బస్తాల కొద్దీ ఉప్పు పోస్తుంటాడు. నాలుగు నెలల్లో రెండు ఫెర్నులు, ఒక పీస్ లిల్లీ పోయాయి. ఈ నీళ్లకంటే మామూలు బోరు నీళ్లే మొక్కకు నయమని గట్టిగా చెప్పగలను. మా ఇంట్లో మొక్కల కోసం సాఫ్ట్‌నర్‌కు ముందే విడిగా ఒక కుళాయి తీయించుకున్నాం.

కల్యాణి డ్యాము, తెలుగుగంగ నుంచి వచ్చే మున్సిపల్ కుళాయి నీళ్లు మా ఇంట్లో 300కు అటూ ఇటూగా ఉంటాయి. ఎక్కువ మొక్కలకు ఇవి చాలు. క్లోరిను వాసన ఉన్న రోజు మూత లేని బకెట్టులో రాత్రంతా ఉంచితే అది చాలావరకు పోతుంది. ఇలా ఉంచినంత మాత్రాన లవణాలు కూడా పోతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. స్పైడర్ ప్లాంటుకూ డ్రసీనాకూ పడని ఫ్లోరైడు నీటిని ఉంచినా, కాచినా పోదు. కాస్తే నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

ఆర్వో నీళ్లు మా ఇంట్లో 40 చూపిస్తాయి. సున్నితమైన మొక్కలకు మంచివే, అయితే వాటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి ఎరువు సరిగా వేయాలి, లేదా కుళాయి నీళ్లు సగం కలపాలి. యంత్రం పక్క గొట్టంలోంచి వదిలే నీళ్లను వృథా కానివ్వకూడదన్న మంచి ఉద్దేశంతో చాలా ఇళ్లలో కుండీలకు పోస్తున్నారు. తీసేసిన లవణాలన్నీ చేరేది వాటిలోనే. అవి నేల తుడవడానికి వాడుకోదగ్గవి, కుండీలకు కావు.

నేను పూర్తి మార్కులు వేసేది వాన నీళ్లకే. 2021 నవంబరు వరదల రోజుల్లో మోటారు నడవక, మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టి ఆ నీళ్లే పోశాను. తరువాతి నెలల్లో కలాతియాకు వచ్చిన మూడు ఆకులూ అంచు చెడకుండా విచ్చుకున్నాయి. పాత ఆకులు మళ్లీ బాగుపడవు, కొత్త ఆకునే చూడాలన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. మిద్దె మీది దుమ్ము పోయేవరకు మొదటి పావుగంట వానను వదిలేసి పట్టుకోవాలి, దోమలు చేరకుండా డ్రమ్ముకు పలుచటి గుడ్డ కట్టాలి.

మన దగ్గర వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. రెండు వందల లీటర్ల డ్రమ్ము సున్నితమైన ఎనిమిది కుండీలకు జనవరి చివరి వరకు సరిపోతోంది. మార్చిలో ఏసీ వేయగానే దాని నీళ్లు రాత్రికి అర బకెట్టు వస్తాయి. అవి కూడా ఆర్వో నీళ్లలాగే లవణాలు లేనివి, కాయిల్‌ను మందుతో కడిగిన రోజువి మాత్రం పారబోస్తాను. ఈ రెంటికీ మధ్య ఫిబ్రవరి నెలంతా ఆర్వో నీళ్లూ కుళాయి నీళ్లూ సమానంగా కలిపి పోస్తున్నాను.