ఏది మేలు? ఆటగాణ్ణి అమ్మడమా, రేపటి రాబడిని అమ్మడమా, క్లబ్బునే అమ్మడమా

జూన్ ఆఖరి వారం వచ్చిందంటే అనంతపురంలో ఫుట్‌బాల్ పిచ్చోళ్లకు రెండు చూపులు. ఒకటి వాన కోసం ఆకాశం మీదికి, రెండోది తమ క్లబ్బు ఎవర్ని అమ్మేసిందోనని ఫోన్ మీదికి. స్పెయిన్ ఫుట్‌బాల్ ఈ ఊరికి మరీ పరాయిదేం కాదు. ఇక్కడ ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలోనే. ఆ సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడే పిల్లలకు స్పెయిన్ లీగ్ లా లిగా జట్ల పేర్లు నోటికి వస్తాయి. రాత్రి పన్నెండున్నర మ్యాచ్ చూసి, నిద్రమొహంతోనే పొద్దున టీ దగ్గర చేరితే వాదన ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది:

"ఐదు కోట్లకు కొని మూడుకే అమ్మినారు కదన్నా, ఇదేం బ్యారం?"

"పద్దు చూసి మాట్లాడప్పా. వాళ్లకు కోటి లాభం."

ఇద్దరి మాటా నిజమే. ఎట్లాగంటే, ఐదేళ్ల ఒప్పందం మీద 5 కోట్ల యూరోలకు ఒకణ్ణి కొన్నారనుకోండి. ఆ 5 కోట్లు పద్దులో ఒక్కసారే ఖర్చు కింద పడవు. ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్లకు పంచుతారు. మూడేళ్లు ఆడాక పుస్తకంలో అతని విలువ 2 కోట్లు. అప్పుడు 3 కోట్లకు అమ్మితే కోటి లాభమని రాసుకుంటారు. అతని జాగాలో 4 కోట్లు పెట్టి ఇంకొకణ్ణి ఐదేళ్లకు తెచ్చుకుంటే ఈ ఏడు పడే ఖర్చు 80 లక్షలే. అప్పుల్లో మునిగిన క్లబ్బు కూడా ఒక చేత్తో అమ్ముతూ ఇంకో చేత్తో కొంటూ కనిపించేది ఇందుకే. తిప్పలు తర్వాత మొదలవుతాయి. ఆ కోటి లాభం ఈ ఒక్క ఏటికే. 80 లక్షల ఖర్చు మాత్రం ఐదేళ్లూ వెంట వస్తుంది. వచ్చే జూన్‌కు మళ్లీ ఇంకొకణ్ణి అమ్మాల్సిందే.

జూన్ 30 అంటే మన మార్చి 31 లాంటిది. ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో చాలా క్లబ్బుల లెక్కల ఏడాది ఆ రోజుతో ముగుస్తుంది. అందుకే ఆ వారం అంత హడావుడి.

ఆటగాణ్ణి అమ్మడం

పద్దులో లాభం పడినంత మాత్రాన డబ్బు పెట్టెలో పడ్డట్టు కాదు. బదిలీ సొమ్ము మామూలుగా రెండు మూడు వాయిదాల్లో వస్తుంది. చేతిలో రూపాయి లేని క్లబ్బు రాబోయే ఆ వాయిదాలను బ్యాంకుకు రాసిచ్చి, వడ్డీ కోత పోను మిగిలింది ముందే తెచ్చుకుంటుంది. ఏజెంటు కమీషన్ పోవాలి. పాత క్లబ్బు తిరుగు అమ్మకంలో వాటా రాయించుకుని ఉంటే అదీ పోవాలి. 3 కోట్లన్న వార్త చదివి 3 కోట్లూ వచ్చేశాయని సంబరపడితే మోసపోయినట్టే.

ధర ఎక్కడ పడిపోతుందంటే ఒప్పందం చివర్లో. రెండేళ్లు మిగిలి ఉన్నప్పుడు బేరం అమ్మేవాడి చేతిలో ఉంటుంది. ఏడాదికి దిగితే కొనేవాడి చేతికి పోతుంది. ఆరు నెలలకు వస్తే ఆ ఆటగాడు వేరే దేశం క్లబ్బుతో ఉత్త పుణ్యానికే ఒప్పందం రాసుకోవచ్చు, అమ్మడానికి మనకేమీ మిగలదు.

దీనికి స్పెయిన్ క్లబ్బు వలెన్సియాను మించిన పాఠం లేదు. ఒకే క్లబ్బు, రెండు అమ్మకాలు, రెండు ఫలితాలు. 2007లో కొత్త స్టేడియం మొదలుపెట్టి, 2009లో డబ్బు లేక పని ఆపేశారు. 2010లో డేవిడ్ వియాను 4 కోట్ల యూరోలకు బార్సిలోనాకు, డేవిడ్ సిల్వాను మాంచెస్టర్ సిటీకి, మరుసటి ఏడు హువాన్ మాటాను చెల్సీకి అమ్మారు. అభిమానులు దుమ్మెత్తిపోశారు. కానీ అమ్మకముందు 2010లో మూడో స్థానంలో ఉన్న జట్టు 2011, 2012లోనూ మూడో స్థానంలోనే నిలిచింది. వియా పోగానే కోటి యూరోలకు రొబెర్తో సొల్దాదోను తెచ్చుకున్నారు. అతన్నే 2013లో 2.6 కోట్ల పౌండ్లకు టాటెన్‌హామ్‌కు అమ్మారు. ఎవరు పోతారో ముందే తెలుసు, జాగాలోకి ఎవరొస్తారో కూడా తెలుసు.

2020లో అదే క్లబ్బు మళ్లీ అమ్మకానికి దిగింది. ఫెర్రాన్ టోర్రెస్ ఒప్పందంలో ఒక్క ఏడాదే మిగిలింది కాబట్టి మాంచెస్టర్ సిటీ చౌకగా ఎగరేసుకుపోయింది. రోద్రిగో ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్‌కు పోయాడు. కెప్టెన్ డాని పరేహోను పైసా తీసుకోకుండా పక్క ఊరి విల్యారియాల్‌కు పంపేశారు. ఆ వేసవిలో కొత్తగా ఒక్కణ్ణీ కొనలేదు. ఆ సీజన్లో వలెన్సియా 13వ స్థానం. పరేహో ఆడిన విల్యారియాల్ యూరోపా లీగ్ కప్పు ఎత్తింది. 2010లో అమ్మింది జట్టు నడవడానికి, 2020లో అమ్మింది జీతాల భారం దించుకోవడానికి. తేడా అంతా అక్కడుంది. "అమ్మినారు, అందుకే మునిగినాం" అనేవాళ్లు ఈ రెండు ఏళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

సొంత అకాడమీ పిల్లాణ్ణి అమ్మే లెక్క వేరు. అతన్ని కొనలేదు కాబట్టి పుస్తకంలో విలువ సున్నా, వచ్చిందంతా లాభమే. అప్పట్లో ఇంగ్లండ్ పై అంచె ప్రీమియర్ లీగ్ నిబంధన మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపొద్దనేది. అది దాటినందుకు ఎవర్టన్‌కు 2023 నవంబరులో ఏకంగా 10 పాయింట్లు కోశారు, అప్పీలు మీద 6కు తగ్గించారు. ఆ కత్తి నెత్తి మీదుంటే అందరికన్నా ముందు గుర్తొచ్చేది అకాడమీ పిల్లాడే. 2024 జూన్ ఆఖరున న్యూకాజిల్ అట్లాగే తన సొంత పిల్లాడు ఇలియట్ ఆండర్సన్‌ను 3.5 కోట్ల పౌండ్లకు నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు ఇచ్చేసింది. 2025లో అతను ఇంగ్లండ్ జట్టుకు ఆడాడు. పద్దు తేలిక పడింది గానీ విత్తనకాయ అమ్ముకున్నట్టయింది. విత్తనకాయ అమ్మినవాడి చేతిలో ఆ వారం డబ్బుంటుంది. తొలకరికి చేన్లో చల్లడానికి ఏముంటుందన్నదే ప్రశ్న.

మంచి ధర కోసం ఆగితే? దానికి జవాబు ఫారెస్ట్ దగ్గరే ఉంది. తమ అకాడమీ కుర్రాడు బ్రెన్నన్ జాన్సన్‌కు ముందు వచ్చిన బేరం తక్కువని ఆగారు. 2023 సెప్టెంబరు 1న టాటెన్‌హామ్ 4.75 కోట్ల పౌండ్లిచ్చింది. బేరంగా చూస్తే ఆగడమే తెలివి. కానీ జూన్ 30 దాటిపోయింది. ఆ ఏటి లెక్కలో నష్టం పరిమితికి మించి 3.45 కోట్లు తేలింది, 4 పాయింట్లు పోయాయి. ఎక్కువ ధర తెచ్చామన్న వాదన విచారణలో చెల్లలేదు. అయినా నా మాటడిగితే ఫారెస్ట్ చేసింది మరీ తప్పేం కాదు. 4 పాయింట్లు పోయినా ఆ ఏడు ప్రీమియర్ లీగ్‌లోనే నిలిచింది. 18వ స్థానంలోకి జారి కింది లీగ్‌కు పడి ఉంటే మాత్రం ఈ మాట అనలేం.

రేపటి రాబడిని అమ్మడం

చీనీ (బత్తాయి) తోట ఉన్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కాపు చెట్టు మీదుండగానే వ్యాపారికి గుత్తకిచ్చేస్తాం. చేతిలో డబ్బు పడుతుంది, ధర పెరిగినా తగ్గినా ఇక అది అతనిది. ఒక కాపుకు పర్వాలేదు. మరి 25 ఏళ్ల కాపు గుత్తకిస్తే?

బార్సిలోనా చేసింది అదే. 2021 ఆగస్టులో అధ్యక్షుడు లపోర్తా చెప్పిన అప్పు 135 కోట్ల యూరోలు, జీతాలు ఆదాయంలో 103 శాతం. మెస్సీ వెళ్లిపోయింది అప్పుడే. 2022 వేసవిలో లా లిగా టీవీ హక్కుల రాబడిలో మొదట 10 శాతం 20.75 కోట్ల యూరోలకు, తర్వాత ఇంకో 15 శాతం, సిక్స్త్ స్ట్రీట్ అనే సంస్థకు 25 ఏళ్లకు రాసిచ్చారు. ఆ డబ్బుతో లెవాండోవ్స్కీ, రఫీన్యా, కూందే వచ్చారు. 2022-23లో లీగ్ గెలిచారు. అంతవరకు బాగానే ఉంది. కానీ 2024 డిసెంబరు 31కి ఆటగాడు డాని ఓల్మోను లీగ్‌లో రిజిస్టర్ చేయించడానికి, లీగ్ పెట్టిన జీతాల పరిమితిలో జాగా దొరక్క, స్టేడియంలోని వీఐపీ సీట్ల హక్కులు కూడా అమ్మారు. అయినా గడువు దాటింది. చివరకు ప్రభుత్వ క్రీడా మండలి తాత్కాలికంగా అనుమతిస్తే అతను ఆడాడు. రెండున్నరేళ్ల కిందట తోట గుత్తకిచ్చినవాళ్లు మళ్లీ గట్టు మీది చెట్లు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లను మైదానంలో నిజంగా నిలబెట్టింది గుత్త డబ్బుకన్నా లమీన్ యమాల్, కుబార్సీ లాంటి అకాడమీ పిల్లలు. పద్దులో వాళ్ల విలువ సున్నా అని మర్చిపోవద్దు.

ఇక లీడ్స్ గతి చూడండి. 2001లో యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా పోయి, విచిత్రంగా వలెన్సియా చేతిలోనే ఓడారు. ఆ ఊపులో 25 ఏళ్ల టిక్కెట్ల రాబడిని తాకట్టుపెట్టి 6 కోట్ల పౌండ్లు తెచ్చారు. ప్రతి ఏడూ ఛాంపియన్స్ లీగ్ ఆడతామన్న ధీమా మీద నడిచిన అప్పు అది. మళ్లీ ఆడనే లేదు. 2002లో రియో ఫెర్డినాండ్‌ను దాదాపు 3 కోట్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. రాబీ ఫౌలర్‌ను మాంచెస్టర్ సిటీకి అమ్మి, అతని జీతంలో కొంత తామే కట్టారు. కడకు స్టేడియం కూడా అమ్మారు. 2004లో కిందికి పడ్డారు, 2007లో మూడో అంచెకు. తిరిగి ప్రీమియర్ లీగ్‌కు వచ్చింది 2020లో.

రాబడి అమ్మేవాళ్లను ఒక్కటే అడగాలి: అప్పు తీర్చేది ఏ ఆదాయంతో, ఆ ఆదాయం గెలిస్తేనే వస్తుందా, ఓడినా వస్తుందా? టీవీ వాటాలో పెద్ద భాగం ఓడినా వస్తుంది. ఛాంపియన్స్ లీగ్ డబ్బు గెలిస్తేనే వస్తుంది. బార్సిలోనా బతికి లీడ్స్ మునగడానికి పేరుప్రతిష్ఠలతో పాటు ఇదీ ఒక కారణం.

క్లబ్బునే అమ్మడం

ఇది అభిమాని చేతిలో లేనిది, ఎక్కువమంది ఆశపడేదీ ఇదే. "కొత్త ఓనరొస్తే సరిపోతాదిలే" అంటారు. ఎవర్టన్‌ను 777 పార్ట్‌నర్స్ కొంటుందని 2023 సెప్టెంబరులో ఒప్పందమైంది, నెలల తరబడి నడిచి 2024లో విరిగిపోయింది. ఆ డిసెంబరులో ఫ్రీడ్‌కిన్ గ్రూప్ చేతికొచ్చాకే ఊపిరాడింది. వలెన్సియాను 2014లో పీటర్ లిమ్ కొన్నప్పుడు జనం పండగ చేసుకున్నారు. తర్వాత అదే జనం వెళ్లిపొమ్మని ఊరేగింపులు తీశారు. ఇది లాటరీ, ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2021లో లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మారు, మరుసటి సీజన్లోనే, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చారు. అమ్మకం జట్టును చంపలేదు. చంపింది జీతాల బాకీ. 2023-24లో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు బయటపడ్డారు, 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. 2024లో కొత్త యజమాని వచ్చాడు. 2025లో క్లబ్బు ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారిపోయింది. యజమానిని మార్చుకుంటే క్లబ్బు మిగులుతుందని ఎవరూ హామీ ఇవ్వరు, ఊరు మిగులుతుందని అసలే ఇవ్వరు.

కాబట్టి పై మూడింటికన్నా చేటు నాలుగోది: ఏమీ అమ్మకుండా, జీతాలివ్వకుండా నెట్టుకురావడం. ఫిఫా నిబంధన ప్రకారం రెండు నెలల జీతం బాకీపడితే, ఆటగాడు 15 రోజుల నోటీసిచ్చి, అప్పటికీ కట్టకపోతే ఒప్పందం తెంచుకోవచ్చు. అప్పుడు 3 కోట్లు పలికేవాడు కూడా ఊరికే పోతాడు, పైగా నష్టపరిహారం మనమే కట్టాలి. అమ్మాల్సినవాణ్ణి రెండేళ్ల ఒప్పందం మిగిలుండగా, జాగాలోకి ఒకణ్ణి చూసుకుని, తిరుగు అమ్మకంలో వాటా రాయించుకుని అమ్మడం వీటన్నిటిలో మేలు. రహీమ్ స్టెర్లింగ్ చిన్న వయసులో లివర్‌పూల్‌కు పోయినప్పుడు అతని పాత క్లబ్బు క్యూపీఆర్ 20 శాతం వాటా రాయించుకుంది. 2015లో అతను మాంచెస్టర్ సిటీకి 4.9 కోట్ల పౌండ్లదాకా పలికినప్పుడు, ఏమీ చేయకుండానే ఆ వాటా వచ్చిపడింది.

వాటా రాయించుకునే బలం చిన్న అకాడమీకి ఉండదు గానీ, ఫిఫా నిబంధనే కొంత ఇప్పిస్తుంది. ఆటగాడు పై దేశం క్లబ్బుకు డబ్బు మీద మారితే, అందులో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తయారుచేసిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 దాకా సీజన్‌కు పావు శాతం, ఆ తర్వాత సీజన్‌కు అర శాతం. అనంతపురంలో 12 నుంచి 15 దాకా నాలుగు సీజన్లు ఆడిన పిల్లాడు ఎప్పటికైనా కోటి రూపాయలకు పోతే ఇక్కడికి రావాల్సింది లక్ష. అయితే ఆ నాలుగేళ్లూ అతను అకాడమీ పేరు మీద ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్‌లో ఉండాలి. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటే ఆ కాగితం దగ్గరే ఆగిపోతుంది. సరిచేయించాల్సింది పదకొండో ఏటనే.