నెల్లూరు మెస్సు వంటింట్లో సూది థర్మామీటరు: ఆరొందలకు ఏమొస్తుంది?

పెన్ను రకం డిజిటల్ థర్మామీటరు ఇది. పైన చిన్న తెర, రెండు మూడు బటన్లు, కింద జానెడు లోపు స్టీలు సూది. పెట్టె మీద కంపెనీ పేరు ఒక్కోచోట ఒక్కోటి ఉంటుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. ఆన్‌లైన్లో ఐదారొందలకు దొరుకుతుంది. మైనస్ 50 నుంచి 300 డిగ్రీల దాకా కొలుస్తానంటుంది. 300తో మనకు పన్లేదు. మెస్సుకైనా, కర్రీ పాయింటుకైనా, పెళ్లిళ్ల క్యాటరింగుకైనా కావలసిన అంకెలు మూడే: 70, 60, 5. వండేటప్పుడు ముక్క లోపల 70 రావాలి. వేడిగా ఉంచితే 60కి పైన, దాచిపెడితే 5కి లోపు ఉండాలి. ఆ నడిమి వేడిలో వండిన వస్తువు రెండు గంటలకు మించి ఉండకూడదు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క.

"తెర్లుతా ఉంది కదన్నా, ఇంక కొలిచేదేముంది?" అని వంటమాస్టర్లు అడుగుతారు. న్యాయమే. పొయ్యి మీద తెర్లుతున్న పులుసులో సూది గుచ్చడం దండగ. దీని అసలు పని గుండిగ కిందికి దిగాకే మొదలవుతుంది.

20 లీటర్ల గుండిగ నిండా చిక్కటి కోడికూర. రాత్రి 9కి దించి మూత పెట్టారు. అప్పుడు నడిమధ్య 95 ఉంటుంది. చెయ్యి పెడితే గుండిగ అంచు తొందరగానే చల్లబడినట్టు అనిపిస్తుంది కానీ, సూదిని మధ్యకు దింపితే అర్ధరాత్రికి కూడా 60కి పైనే చూపిస్తుంది. ఒంటిగంట ప్రాంతంలో 60 దాటి కిందికొస్తుంది. పొద్దున 6కి చూస్తే ఇంకా 40 పైచిలుకే. అంటే నాలుగైదు గంటలు కూర నలభై అరవై మధ్యనే నానింది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకు ఇష్టమైన వేడి 43 నుంచి 47. దాని బీజాలు ఉడుకుకు చావవు, కూర చల్లబడేటప్పుడు లేచి మొలకెత్తుతాయి. ఆ వేడిలో సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి నాలుగు గంటల్లో కోటీ అరవై లక్షలు దాటుతుంది. కూర వాసన మారదు, రుచి మారదు. తిన్నవాళ్లకు 6 నుంచి 24 గంటల్లోపు కడుపునొప్పి, విరేచనాలు. ఇక రోహిణి కార్తెలో పగలైతే నెల్లూరులో గది వేడే ఆ బాక్టీరియాకు నచ్చినట్టుంటుంది. గుండిగ అంతకంటే కిందికి దిగేదెక్కడ?

ఈ సూది కొన్నాక మారాల్సింది ఇదే. కూర మిగిలితే గుండిగలో ఉంచకుండా వెడల్పాటి స్టీలు ట్రేల్లో రెండంగుళాల మందాన పోయండి. మూత పెట్టకండి, ఈగలు వాలకుండా జాలీ చాలు. కింద ఐసు నీళ్ల తొట్టి పెట్టి మధ్యమధ్య గరిటెతో కలపండి. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం 57 నుంచి 21కి రెండు గంటల్లో, 5కి మొత్తం ఆరు గంటల్లో దిగాలి. ట్రేల్లో పోస్తే ఇది సాధ్యమే. గుండిగలోనే ఉంచితే ఏ ఫ్రిజ్జు వల్లా కాదు. పైగా వేడి గుండిగను అలాగే ఫ్రిజ్జులో తోస్తే పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి.

చేపల పులుసు దగ్గర కాస్త వాదన తప్పదు. నెల్లూరోళ్లకు పులుసు మర్నాడే రుచి, అది అబద్ధమూ కాదు. చింతపండూ మామిడికాయా కలిసిన పులుపులో చాలా సూక్ష్మజీవులు పెరగలేవు, అందుకే అది నిలిచే కూర. కానీ పులుపు ఒక్కో చెయ్యికి ఒక్కో రకం, ముక్క లోపలికి పులుపు ఎక్కినంతే ఎక్కుతుంది. ఇంట్లో అరకిలో బొమ్మిడాయల దాకకూ, మెస్సులో పదిహేను కిలోల గుండిగకూ ఒకే సూత్రం పెట్టుకోలేం. మర్నాటికి ఉంచాలంటే ఉంచుకోండి, కాకపోతే చల్లార్చి ఫ్రిజ్జులో.

అన్నం సంగతి ఇంకా మొండిది. బాసిల్లస్ సీరియస్ అనే ఇంకో బాక్టీరియా బీజాలు బియ్యంతోనే వస్తాయి, ఎసరులో చావవు. రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెలో ఒత్తి పెట్టి పొద్దున పులిహోర కలిపితే, అప్పటికే ఆ బాక్టీరియా విషం తయారుచేసి ఉండొచ్చు. వాంతులు తెప్పించే ఆ విషం 121 డిగ్రీల్లో గంటన్నర కాచినా పోదు. తాలింపుకు పోతుందా? తిన్న 1 నుంచి 6 గంటల్లో వాంతులు మొదలవుతాయి. అన్నాన్ని ట్రేలో పల్చగా ఆరబెట్టి వెంటనే ఫ్రిజ్జులో పెట్టడమే దారి. నీళ్లు పోసి పులియబెట్టే చద్దన్నం వేరు, అక్కడ పులుపు కొంత కాపలా కాస్తుంది.

ఇదంతా అతిజాగ్రత్త అనుకునేవాళ్లకు రెండు లెక్కలు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనాలో, 2010 సంవత్సరానికి ఆహారం వల్ల జబ్బుపడినవాళ్లు 60 కోట్ల మంది, అంటే పదిమందిలో ఒకరు. చనిపోయినవాళ్లు 4 లక్షల 20 వేలు. వాళ్లలో లక్షా 25 వేల మంది ఐదేళ్లలోపు పిల్లలు. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం వాటా 15 కోట్ల జబ్బులు, లక్షా 75 వేల చావులు. మన దగ్గర హాస్టల్లో వందమంది పడిపోతేనే అది పేపర్లో ఫుడ్ పాయిజన్. మిగతాదంతా "కడుపులో బాలేదు", ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌తో సరి.

మళ్లీ సూది దగ్గరికి. కొనగానే పరీక్షించండి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, కొంచెం నీళ్లు పోసి, కలిపి, సూదిని మధ్యలో అర నిమిషం ఉంచితే 0 రావాలి. కళపెళా తెర్లే నీళ్లలో 100 రావాలి, నెల్లూరు ఒంగోలు సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి కొండల మీదిలా తగ్గించి చదవక్కర్లేదు. ఒక డిగ్రీ తేడా ఓర్చుకోవచ్చు, మూడైతే తిప్పి పంపేయండి. చేపలకూ రొయ్యలకూ వేసే ఐసుతో ఈ పరీక్ష చేస్తే, తర్వాత సూదిని సబ్బుతో కడగడం మరవకండి. ఆ ఐసు తాగేనీళ్లది కాదు.

వేడిని కనిపెట్టేది సూది చివరి సెంటీమీటరు మాత్రమే. అది ఎముకకు తగిలినా, గుండిగ అడుగుకు ఆనినా తప్పు చెబుతుంది. కోడి తొడలో ఎముక పక్కన, బాగా మందంగా ఉన్నచోట గుచ్చి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. పచ్చి మాంసంలో గుచ్చిన సూదిని తుడవకుండా వండిన దాంట్లో పెడితే, జబ్బును మోసుకొచ్చేది థర్మామీటరే. పక్కన స్పిరిట్ దూది పెట్టుకోండి.

దీంట్లో నిజమైన లోపం ఒకటుంది, అందుకే ఒక మార్కు కోత. సెల్సియస్, ఫారన్‌హీట్ మార్చే బటన్ ఆన్ బటన్ పక్కనే ఉంది, తడిచేత్తో పట్టుకుంటే నొక్కుకుపోతుంది. 30 డిగ్రీల గదిలో ఉన్న పచ్చికోడి ఫారన్‌హీట్లో 86 చూపిస్తుంది. 70 దాటింది కదా అని పచ్చికోడిని పాస్ చేసేస్తారు. తెర మీద సీ అక్షరం చూశాకే అంకె చదవాలి. బటన్ మీద టేపు అంటించినా మంచిదే. రెండోది, పైభాగంలోకి ఆవిరి పోతే తెర మసకబారుతుంది. గుండిగకు నిటారుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పెట్టండి.

కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టిన తుపాకీ దీనికి బదులు కాదు. అది మనిషి ఒంటి వేడికి చేసింది. వంటకాల కోసం అమ్మే తుపాకీ కూడా పైపొర వేడే చెబుతుంది, లోపలిది కాదు.

సూదికి అందనివీ ఉన్నాయి. కానగంతలు, సూర చేపలు ఐసు లేకుండా ఎండలో ఉంటే హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. వండినా పోదు, తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి దద్దుర్లొస్తాయి. అక్కడ చూడాల్సింది పడవ దిగినప్పటి ఐసునే. వడ్డించేవాడి వేలి పుండు నుంచి వచ్చే స్టెఫైలోకోకస్ అనే బాక్టీరియా విషమూ అంతే, కాచినా పోదు. కారం దోశ పక్కన పెట్టే కొబ్బరి చట్నీకి వేడి లెక్కే లేదు, రెండు గంటలకు సరిపడా రుబ్బుకుని అయిపోయాక మళ్లీ రుబ్బుకోవాల్సిందే.

బటన్ సెల్లు ఎల్ఆర్ 44 రకం, వాచీల కొట్లో దొరుకుతుంది. రెండు కొని దగ్గర పెట్టుకోండి, అది అయిపోయేది సరిగ్గా పెళ్లి ముహూర్తానికే.