ఏసీ అసలు జబ్బు ఆటోనగర్‌లో దొరికింది
మా పాత కారులో ఏసీ అరగంట చల్లగా ఉండి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోకి రాగానే వేడిగాలి కొట్టేది. కాసేపు ఆపి వేస్తే మళ్లీ చల్లదనం. వెనక సీట్లో అమ్మ ఉంటే నాకు ఒకటే టెన్షన్. వేరేచోట రెండుసార్లు గ్యాస్ నింపి పంపేశారు.

విజయవాడ ఆటోనగర్‌లోని ఈ చిన్న షాపు మెకానిక్ మాత్రం గ్యాస్ ఒత్తిడి చూసే గేజీలు తగిలించి, ఏసీ దానంతటదే ఆగేదాకా 40 నిమిషాలు ఓపిగ్గా కాచుకున్నారు. గ్యాస్ సరిపడా ఉంది. గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టు తిప్పే పుల్లీతో కలిపేది క్లచ్; దానికి 12 వోల్టులూ అందుతున్నాయి, క్లచ్ మాత్రం పట్టడం లేదు. క్లచ్ అరిగి దాని పలకకీ పుల్లీకీ మధ్య సందు పెరిగింది, పలకని అయస్కాంతంలా లాగే కాయిల్ వేడెక్కితే ఆ బలం చాలదు. లోపలి పల్చటి వాషర్ ఒకటి తీసి సందు తగ్గించారు. కొత్త కంప్రెసర్ అంటగట్టలేదు, నాకు బాగా నచ్చింది అదే. మే ఎండలో ఏలూరు వెళ్లొచ్చాం, ఒక్కసారి కూడా ఆగలేదు. షాపు దగ్గర నీడ లేదు, పొద్దున్నే వెళ్లండి.